ఇంట్లో ఉన్నవాటితోనే ఉగాది

ఈసారి ఉగాది మార్చి 19న, గురువారం. రాబోయే సంవత్సరం పేరు ‘పరాభవ’. పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లు చాలామందే ఉన్నారు. అరవై పేర్లలో దాని వంతు వచ్చింది, అంతే. కిందటిసారి ఈ పేరు వచ్చింది 1966లో. వరసగా వానలు తప్పి, అమెరికా నుంచి ఓడల్లో గోధుమలు తెప్పించుకుని దేశం కడుపు నింపుకున్న రోజులవి. ఆ ఏడాదిని కూడా మన అవ్వాతాతలు వేపపూత, బెల్లం నోట్లో వేసుకునే మొదలుపెట్టారు.

అనంతపురం వైపు ఉగాది ఎలాంటి వేళ వస్తుందో బయటివాళ్లకు చెప్తే గానీ తెలీదు. ఇక్కడ ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు దాటి వచ్చేసరికి నైరుతి మేఘం సగం ఖాళీ అయిపోతుంది. ఈశాన్య మేఘానికేమో సముద్రం నుంచి మనదాకా రావడం చాలా దూరం. వానకు వేసిన చెనక్కాయ అక్టోబరు, నవంబరుల్లో ఇంటికొస్తుంది. అమ్ముడుపోతుంది. అప్పులకు పోగా మిగిలింది పెళ్లిళ్లకో, ఆస్పత్రికో పోతుంది. ఉగాదినాటికి బోరున్న చీనీ తోటలు, దానిమ్మ తోటలు తప్ప మిగతా చేన్లన్నీ ఎర్రగా, బోడిగా ఉంటాయి. చేతిలో డబ్బులూ అంతే. బెంగళూరుకు పనికి పోయిన అమ్మానాయనలు రెండురోజులు సెలవు పెట్టుకుని వస్తారు. మూడోరోజు తెల్లారేసరికి మళ్లీ బస్సెక్కుతారు.

ఆ రెండురోజుల్లో ఒక పూట బజార్లోనే అయిపోతుంది. ప్లాస్టిక్ తోరణం, మెరుపుకాగితాలు, రంగుపొడి పొట్లాలు, స్వీట్ల డబ్బా... అన్నీ కొని ఇంటికొచ్చేసరికి పర్సు తేలికైపోతుంది. పిల్లలతో కూర్చోవాల్సిన సమయం కూడా ఆ సంచుల్లోనే పోతుంది. ప్లాస్టిక్ తోరణానికి పదిహేను నిమిషాల పని కూడా ఉండదు. మేకుకు తగిలిస్తే అయిపోయింది. ఆకు తోరణమైతే ఒకరు ఆకులు తుడవాలి, ఒకరు మడవాలి, ఒకరు పురి పట్టుకోవాలి. ఆ గంటసేపు ముగ్గురూ ఒకచోట కూర్చోక తప్పదు. మనకు కావలసింది కూడా ఆ గంటే.

అందుకే ఈ వారం చెప్పేవన్నీ ఇంట్లో, వీధిలో, చెట్టుమీద ఉన్నవాటితో చేసుకునేవే. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఏ పని ఎవరు చేయొచ్చో కూడా చెప్తాను, పంచుకోండి.

వారం ముందు: వేపపూత

ఇది అవ్వకూ పిల్లలకూ అప్పగించే పని. అమ్మానాయనలు ఊరినుంచి రాకముందే అయిపోవాలి.

చుట్టూ ఏమీ పచ్చగా లేని కాలంలో వేప చిగురేసి, పూత పూస్తుంది. దాని వేళ్లు బాగా లోతుకు పోతాయి, పైన మట్టి ఎండినా అడుగు తడిని పట్టుకుంటాయి. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఊళ్లల్లో నీడ ఉన్నదంటే చాలాచోట్ల అది వేపనీడే. పండక్కి కొనాల్సిన అవసరం లేని మొదటి సరుకు ఇదే.

కొమ్మలు విరవొద్దు. సాయంత్రం చెట్టు కింద శుభ్రంగా ఊడ్చి, పాత చీరో పంచో పరచండి. నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. తెల్లారేసరికి రాత్రి గాలికి రాలిన పూత దాని మీద ఉంటుంది. చాలకపోతే అందే కొమ్మను మెల్లగా దులపండి. చాటలో పోసి చెరిగితే ఎండుటాకులు, దుమ్ము పోతాయి. కాడలు, చీమలు లేకుండా ఏరడం పిల్లల పని. రెండు, మూడు రోజులు నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే మరీ నల్లగా అయిపోతుంది. పండక్కి గుప్పెడు చాలు. మిగిలింది సీసాలో పోసి పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. చెంచాడు నేతిలో ఎర్రగా వేయించి చారులో వేసుకోవచ్చు, వేడన్నంలో కలుపుకోవచ్చు.

ఒక మాట. వేప మంచిదే అని గుప్పెళ్లతో తినకూడదు. గర్భిణులు, పసిపిల్లలకు శాస్త్రానికి ఒక్క రెక్క నాలిక్కి తగిలిస్తే సరిపోతుంది.

గుమ్మానికి: మూడు రకాల తోరణం

మొదటిది ఆకు తోరణం. మూడడుగుల గుమ్మానికి పదమూడు, పదిహేను మామిడాకులు సరిపోతాయి. ఆకును తడిగుడ్డతో తుడిచి, కాడవైపు ఒక అంగుళం వెనక్కి మడిచి, ఆ మడతలో పురి ఉంచి, చీపురుపుల్ల ముక్కతో గుచ్చండి. స్టేప్లరు పిన్నులు వద్దు. తోరణం ఎండాక మేకో ఆవో తినేస్తుంది, పిన్ను దాని కడుపులోకి పోతుంది. చీపురుపుల్లతో ఆ భయం లేదు.

మామిడిచెట్టు అన్ని ఊళ్లల్లో ఉండదు. ఉన్న ఒక్క చెట్టుకు ఊరంతా పోయి కొమ్మలు విరిస్తే ఆ చెట్టు పనైపోతుంది. పైగా అది కాయ పట్టే కాలం. అందుకని లెక్క మార్చండి. మామిడాకులు అయిదే తెచ్చుకోండి. ఒక్కో ఆకుకూ మధ్య మూడు, నాలుగు వేపమండలు కట్టండి. మామిడాకు వెడల్పుగా, వేపాకు సన్నగా, పక్కపక్కన ఉంటే చూపుకు కూడా బాగుంటుంది.

రెండోది కాగితం తోరణం. అయిపోయిన నోటుపుస్తకాల కాగితాలు చాలు. కాగితాన్ని నిలువుగా రెండుసార్లు మడిచి, ఒకేసారి నాలుగు ఆకులు వచ్చేట్టు మామిడాకు ఆకారంలో కత్తిరించండి. వెడల్పు పళ్లెంలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, చెంచాడు పసుపు కలిపి, ఆకుల్ని ఒక్కొక్కటిగా ముంచి తీసి దండెం మీద నీడలో ఆరేయండి. మంచి పసుపు రంగు వస్తుంది. సగం ఆకులయ్యాక ఆ నీళ్లల్లోనే చిటికెడు తాంబూలం సున్నం వేసి చూడండి. పసుపు నీళ్లు కళ్లముందే ఎర్రగా మారిపోతాయి. పేరంటానికి పారాణి కలుపుతామే, అదే. మిగతా ఆకులు అందులో ముంచితే ఎరుపు. సున్నం మాత్రం పెద్దవాళ్లే వేయాలి, కళ్లకు తగలకూడదు. ఎర్రటి ఆకుమీద నిమ్మరసం చుక్క వేస్తే అక్కడ మళ్లీ పసుపు తేలుతుంది. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ తన పసుపు రంగుకే వస్తుంది. సైన్సు పరీక్షకు చదువుతున్న పిల్లలుంటే ఇది వాళ్లతోనే చేయించండి, మళ్లీ మర్చిపోరు.

ఎండ తగిలితే పసుపు రంగు వెలుస్తుంది. కాబట్టి కాగితం తోరణం లోపలి గుమ్మాలకు, దేవుడి గూటికి కట్టుకోండి.

మూడోది గుడ్డ తోరణం. ధర్మవరం పట్టుచీరల ఊరు. ఆ చుట్టుపక్కలే కాదు, ఏ ఊళ్లోనైనా టైలరును అడిగితే జాకెట్లు కుట్టగా మిగిలిన పట్టుముక్కలు, జరీ అంచులు ఇస్తారు. అరచేయంత మూడుమూలల ముక్కలు కత్తిరించి, పైఅంచును పురిమీదుగా మడిచి చేత్తో నాలుగు కుట్లు వేయండి. కింద మొనకు చిన్న గవ్వో, పాతగాజు ముక్కో కాకుండా ఒక చింతగింజ కట్టండి. గింజకు ముందే రంధ్రం చేయడం కష్టం కాబట్టి దారం చుట్టి ముడేయండి. ఆ బరువుకు ముక్క ముడుచుకోకుండా వేలాడుతుంది. ఈ తోరణం ఉతికి దాచుకుంటే పదేళ్లు వస్తుంది.

వాకిట్లో: బిందెడు నీళ్లల్లోనే

ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన వీధిలో పండగపేరుతో వాకిలంతా నీళ్లు పారిస్తే చూసేవాళ్లకూ బాగోదు. బియ్యం, బ్యాళ్లు కడిగిన నీళ్లు ముందురోజు నుంచే ఒక బకెట్లో పోసిపెట్టండి. కల్లాపికి అవి చాలు. కుమ్మరించకుండా చేత్తో చిలకరిస్తే దుమ్ము అణిగి, ముగ్గు పట్టడానికి సరిపడా తడి ఉంటుంది.

రంగులు కూడా కొననక్కర్లేదు. తెలుపుకు బియ్యప్పిండి. పసుపుకు పసుపే. ఎరుపుకు కుంకుమ, లేదా మెత్తగా దంచి జల్లించిన ఇటుకపొడి. గోధుమ రంగుకు రాగిపిండి. నలుపుకు బొగ్గుపొడి. రంగు చెదరకుండా పడాలంటే ఏ పొడిలోనైనా రెట్టింపు సన్నటి ఇసుక కలపండి. పిండి వాడినచోట చీమలు వస్తాయి, రానివ్వండి. ముగ్గు పిండితో వేయాలన్నది పాతకాలంలో వాటికోసం కూడా.

చుక్కల లెక్క రాని పిల్లలకు ఒక కిటుకు. పాత అట్టముక్క మీద మామిడికాయ బొమ్మ గీసి, బొమ్మ మధ్యభాగం కత్తిరించేయండి. ఆ అట్టను నేలమీద పెట్టి ఖాళీలో పొడి జల్లి, అట్ట ఎత్తేస్తే కాయ పడుతుంది. గుమ్మంనుంచి వీధిదాకా వరసగా వేసుకుంటూ పోతారు. వంకరగా వచ్చినా దిద్దకండి.

పచ్చడి: రెండు పద్ధతులు

ఇంటిల్లిపాదికీ, అంటే ఆరుగురికి, కొలత ఇది. నిమ్మకాయంత కొత్త చింతపండు రెండు గ్లాసుల నీళ్లల్లో అరగంట నానబెట్టి పిసికి వడకట్టండి. మన దగ్గర ఇది చింతపండు కాలం. హిందూపురం మార్కెట్టుకు కొత్త చింతపండు వచ్చే రోజులివే. కొత్తది ఎర్రగా, తీపి కలిసిన పులుపుతో ఉంటుంది. అందులో అరగ్లాసు బెల్లం తురుము కరిగించండి. చిన్న మామిడికాయ ఒకటి తొక్కతోసహా సన్నగా తరిగి వేయండి. వగరు ఆ తొక్కలోనే ఉంటుంది. ఒక పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేయండి. వేపపూత రెండు చెంచాలు. వేప మాత్రం తినబోయే ముందే కలపాలి, నానితే చేదు అంతా నీళ్లల్లోకి దిగిపోయి పిల్లలు దగ్గరికే రారు. అరటిపండు ముక్కలు, కొబ్బరి, పప్పులు మీ ఇష్టం.

రెండో పద్ధతి మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే ఇళ్లల్లో ఉన్నది. వాళ్లు ‘బేవు బెల్ల’ అంటారు. వేప, బెల్లం అని అర్థం. పులుసు కలపరు. వేపపూత రెండు చెంచాలు, బెల్లం తురుము అరగ్లాసు, వేయించిన పప్పులు పొడి చేసింది పావుగ్లాసు, అన్నీ కలిపి చేతిలో చిటికెడు పెడతారు. నీళ్లు తగలదు కాబట్టి రెండు, మూడు రోజులు చెడదు. పండక్కి రాలేకపోయినవాళ్లకు చిన్న పొట్లంకట్టి పంపొచ్చు. బెంగళూరులో సెలవు దొరకని అన్నకో, హాస్టల్లో ఉన్న పాపకో ఇది చేరితే వాళ్లకు కూడా ఉగాది జరిగినట్టే.

ఓళిగలు: ఇంట్లోకి ఒకటి, బస్సుకు ఒకటి

కోస్తాలో బొబ్బట్లు, కర్నూలు వైపు భక్ష్యాలు, మనకు ఓళిగలు. పండగరోజు తినడానికి శనగబ్యాళ్ల ఓళిగలు చేసుకోండి. ఊరికి తీసుకుపోవడానికి చెనక్కాయ ఓళిగలు చేయండి.

శనగబ్యాళ్లు ఒక గ్లాసు గంటసేపు నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లల్లో ఉడికించండి. వేళ్లతో నలిపితే నలగాలి, కానీ గుజ్జు కాకూడదు. నీళ్లు వంచి పక్కన పెట్టండి, పారబోయొద్దు. బ్యాళ్లల్లో గ్లాసు బెల్లం వేసి చిన్నమంట మీద తిప్పుతూ ఉండండి. ముందు పలచబడుతుంది, తర్వాత గట్టిపడుతుంది. గరిటె నిలబెడితే పడిపోకుండా ఉంటే దించి, యాలకపొడి వేసి మెత్తగా రుబ్బండి. గ్లాసు మైదాలోగానీ, సగం మైదా, సగం గోధుమపిండిలోగానీ చిటికెడు పసుపు, ఉప్పు, నాలుగు చెంచాల నూనె, నీళ్లు పోసి చపాతీపిండికంటే మెత్తగా కలిపి రెండు గంటలు మూతపెట్టి ఉంచండి. పిండి ఎంత నానితే అంత సాగుతుంది. నిమ్మకాయంత పిండిలో దానికి రెట్టింపు పూర్ణం పెట్టి మూసి, నూనె రాసిన అరిటాకు మీద వేళ్లతో తట్టి పెనం మీద కాల్చండి. పన్నెండు దాకా వస్తాయి.

వంచిన నీళ్లే కట్టు. అందులో కాస్త చింతపండు రసం, చెంచాడు పూర్ణం, చారుపొడి, ఉప్పు వేసి మరగనిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాళింపు పెడితే ఓళిగల చారు. పొద్దున తీపి తిన్నాక మధ్యాహ్నం అన్నంలోకి ఇంతకుమించింది లేదు. మరుసటి రోజు ఇంకా బాగుంటుంది. ఉడికిన నీళ్లు కూడా వదలకూడదన్న పొదుపులోంచి వచ్చిన రుచి ఇది.

ఇక చెనక్కాయ ఓళిగ. ఉత్తర కర్ణాటకలో శేంగా హోళిగె పేరుతో చాలా ఫేమస్. మన పంటతో చేసేది కాబట్టి మనకింకా సులువు. గ్లాసు చెనక్కాయ ఇత్తనాలు చిన్నమంట మీద దోరగా వేయించి, చాటలో నలిచి పొట్టు చెరిగేయండి. రెండు చెంచాల నువ్వులు కూడా వేయించండి. రెండూ కలిపి బరకగా పొడిచేసి, ముప్పావు గ్లాసు బెల్లం తురుము కలపండి. ఉండ కట్టడానికి వేడినీళ్లు రెండు, మూడు చెంచాలు చాలు. పైన చెప్పిన పిండిలోనే పెట్టి, చపాతీకర్రతో పలచగా ఒత్తి, నూనె ఎక్కువ లేకుండా కాల్చండి. పూర్ణంలో తడి తక్కువ కాబట్టి బాగా ఆరనిచ్చి డబ్బాలో పెడితే నాలుగైదు రోజులు ఎక్కడికీ పోదు. పనికి పోయిన చోట వారంలో నాలుగు రోజులు టీతో పాటు ఒకటి తినొచ్చు.

పొయ్యి దగ్గరకు రానివ్వకూడని చిన్నపిల్లలకు కూడా పని కావాలి కదా. వేయించి పొట్టుతీసిన ఇత్తనాలు రెండు గ్లాసులు, బెల్లం ఒక గ్లాసు రోట్లో వేసి దంచమనండి. దంచేకొద్దీ నూనె ఊరి ముద్దవుతుంది. అరచేతుల్లో ఉండలు చేయడమే. పాకం లేదు, మంట లేదు. లెక్కపెట్టే బాధ్యత కూడా వాళ్లకే ఇవ్వండి, రెండు మూడు తక్కువొస్తే అడగొద్దు.

దొన్నెలు: ఇచ్చిపుచ్చుకోవడానికి

ఈ ఏడాది ఒక విశేషం ఉంది. ఉగాది గురువారమైతే, నెలవంకను బట్టి రంజాన్ పండగ శుక్రవారమో శనివారమో రానుంది. అనంతపురం, కదిరి, హిందూపురం, గుంతకల్లు లాంటి ఊళ్లల్లో ఒకే వీధిలో ఓళిగల వాసన, సేమ్యా వాసన ఒకదాని వెనక ఒకటి వస్తాయన్నమాట. ఉగాదినాడు పక్కింటి ముస్లింలకు ఉపవాసం ఇంకా నడుస్తూ ఉంటుంది. కాబట్టి ఓళిగలు పొద్దున కాకుండా పొద్దుగూకే ముందర ఇవ్వండి, ఇఫ్తార్ వేళకు పనికొస్తాయి.

ఇవ్వడానికి ప్లాస్టిక్ కవరు వద్దు, దొన్నె కుట్టండి. మర్రాకులు వెడల్పైనవి నాలుగు తీసుకుని, కడిగి, తుడవండి. అంచులు ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు గుండ్రంగా పేర్చి, చీపురుపుల్ల ముక్కలతో అక్కడక్కడా గుచ్చితే ఇస్తరాకు. దాన్నే నాలుగువైపులా పైకి మడిచి మూలల్లో పుల్లలు గుచ్చితే దొన్నె. ఆకు తాజాగా ఉంటే మడిచినచోట చిట్లుతుంది. కోసిన రెండు గంటలకు వాడి, మెత్తబడ్డాక కుట్టండి. మొదటిది ఎలాగూ విరుగుతుంది, మూడోదానికి చేయి తిరుగుతుంది. మోదుగ ఆకు దొరికితే ఇంకా మంచిది.

రాత్రికి: దీపం ముందు బొమ్మ

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఊరుంది. అక్కడి కుటుంబాలకు తోలుబొమ్మలు తరతరాల బతుకుతెరువు. మేకతోలును శుభ్రంచేసి, వెలుతురు పారేంత పలచగా చేసి, రంగులద్ది, నగలున్న చోటల్లా సన్నటి రంధ్రాలు పొడుస్తారు. కాళ్లూ చేతులూ విడిగా కత్తిరించి దారంతో కలుపుతారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే వడ్డాణం, అదే కిరీటం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆటలాడించే రోజులు పోయాక, వాళ్లు లాంతరు గుడ్లు, గోడబొమ్మలు కూడా చేసి అమ్ముతున్నారు. పండక్కి ఒక్క వస్తువు కొనాలనుకుంటే అక్కడిది కొనండి. ఆ డబ్బు మన పక్కఊరికే పోతుంది.

ఇంట్లో చేసుకోవడానికి తోలు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. దానిమీద చిలకో, జింకో పెద్దదిగా గీసి, స్కెచ్ పెన్నులతో గాని, క్రేయాన్లతో గాని రంగులేయండి. కింద దిండుపెట్టి గుండుసూదితో రెక్కల గీతల వెంట రంధ్రాలు పొడవండి. బాగా ఆరాక దూదిని చెనక్కాయ నూనెలో ముంచి కాగితం వెనకవైపు పలచగా రాసి, మిగులు నూనె గుడ్డతో అద్దేయండి. కాగితం పోగుల మధ్య ఖాళీల్లో నూనె నిండి వెలుతురు సూటిగా పారుతుంది. తోలు ఇచ్చే మెరుపులో సగమన్నా వస్తుంది. బొమ్మను కత్తిరించి, రెక్కను విడిగా చేసి దారపు ముడితో కలపండి. ఒంటికి ఒక చీపురుపుల్ల, రెక్కకు ఒకటి అతికించండి.

రాత్రి అన్నాలయ్యాక దండెం మీద తెల్లపంచె ఆరేసి, వెనక ఫోన్ టార్చి పెట్టండి. నూనె కాగితం కాబట్టి మంట దీపం వద్దు. కథ రామాయణమే కానక్కర్లేదు. నాయన ఎన్నో అంతస్తులో పనిచేస్తాడు, లిఫ్టు లేని బిల్డింగులోకి ఇటుకలు ఎట్లా పోతాయి, అమ్మ పొద్దున ఎన్నింటికి లేస్తుంది, ఇవన్నీ బొమ్మలతో చెప్పించండి. ఫోన్‌లో రోజూ ‘తిన్నావా, చదువుకున్నావా’ దగ్గరే ఆగిపోయే మాటలు పంచె వెనక కూర్చుంటే ఇంకాస్త ముందుకు పోతాయి.

వెళ్లేముందు: నీళ్ల మూకుడు, వాన డబ్బా

ఉగాదితో ఎండలు ముదురుతాయి. వెడల్పు మట్టిమూకుడుకు మూడువైపులా పురి కట్టి, వేపకొమ్మకు నీడలో వేలాడదీయండి. నీళ్లల్లో నాలుగు గులకరాళ్లు వేస్తే తేనెటీగలు కూడా మునిగిపోకుండా వాలి తాగుతాయి. రెండురోజులకోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఇది పిల్లల డ్యూటీ.

ఇంకొకటి. పంచాంగ శ్రవణంలో ఈ ఏడాది వాన ఎంత, మేఘాధిపతి ఎవరు అని చదువుతారు కదా. మన నేలమీద అందరూ చెవులు రిక్కించేది ఆ మాటకే. పిల్లలచేత ఆ లెక్కను సరిచూసే డబ్బా ఒకటి చేయించండి. పైనుంచి కిందదాకా ఒకే వెడల్పున్న డబ్బా కావాలి, అడుగు చదునుగా ఉండాలి. చుట్టూ గోడ, చెట్టు లేనిచోట రాళ్లమధ్య కదలకుండా పెట్టండి. వాన పడ్డ మరుసటి పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు నిలువుగా ముంచి ఎన్ని మిల్లీమీటర్ల లోతు ఉందో చూసి, పుస్తకంలో రాసి, డబ్బా బోర్లించి మళ్లీ పెట్టాలి. వాతావరణ శాఖవాళ్లు కూడా లెక్క తీసేది ఆ వేళకే. డబ్బా మూతి చిన్నదైనా పెద్దదైనా లోతు ఒకటే వస్తుంది, ఎందుకంటే మూతి పెద్దదైతే పడే నీళ్లతోపాటు అవి పరుచుకునే చోటు కూడా పెరుగుతుంది.

నోటుపుస్తకం మొదటి పేజీలో ‘పరాభవ’ అని సంవత్సరం పేరు, కింద తేదీ రాయించండి. పక్కన పంచాంగం చెప్పిన మాట కూడా రాసిపెట్టమనండి. ఏ ఊళ్లో పని చేస్తున్నా వాన పడ్డ రోజు రాత్రి ఫోన్ చేసి, ‘రేపు పొద్దున డబ్బా చూసి ఎంతొచ్చిందో చెప్పు’ అని అడగడం మీ వంతు.